నొప్పికి మెదడు ఇచ్చే విద్యుత్ స్పందనను కొలవబోతున్నారా? ముందు టైమింగ్ తేల్చుకోండి

అరచేతి వెనక చర్మం మీద లేజర్ పల్స్ ఒకటి పడుతుంది. గుండుసూది గుచ్చినట్టు చురుక్కుమంటుంది. ఆ సమయంలో నడినెత్తిన ఎలక్ట్రోడ్ పెట్టి ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు) తీస్తుంటే, సెకనులో ఐదో వంతు గడిచేసరికి ఒక పెద్ద అల లేస్తుంది. ముందు నెగటివ్ వైపుకు వెళ్లి, వెంటనే పాజిటివ్ వైపుకు తిరుగుతుంది. మొదటి శిఖరాన్ని ఎన్2 అని, రెండోదాన్ని పీ2 అని పిలుస్తారు. లేజర్ శక్తి పెంచితే నొప్పి పెరుగుతుంది, అల కూడా పెరుగుతుంది. 1976లో కార్మన్, ఆయన సహచరులు కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో ఇలాంటి స్పందనలను నమోదు చేశాక, చాలాకాలం పాటు చాలామంది ఈ అలను నొప్పికి కొలబద్దగానే చూశారు.

ఇప్పుడు అదే పల్స్‌ను, అదే శక్తితో, సరిగ్గా ఒక్కో సెకను ఎడంతో మూడుసార్లు ఇవ్వండి. రెండో పల్స్‌కు అల బాగా చిన్నదైపోతుంది. మూడోదానికీ అలాగే చిన్నగా ఉంటుంది. ఆ మనిషిని అడిగితే మాత్రం మూడు దెబ్బలూ దాదాపు ఒకేలా నొప్పి పుట్టాయని చెబుతాడు. నొప్పి పరిశోధకులు యానెట్టి, మూరోల బృందం 2008లో చూపించింది ఇదే. నొప్పి అలాగే ఉంది, అల మాత్రం పడిపోయింది. మారింది టైమింగ్ ఒక్కటే.

ఇలాంటి ప్రయోగం వేయబోతున్న ఫిజియాలజీ పీజీలు, న్యూరాలజీ రెసిడెంట్లు, బయోమెడికల్, సైకాలజీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. మెదడులో నొప్పిని కొలిచేశారనే వార్త చదివినప్పుడు ఏం అడగాలో తెలుసుకోవాలనుకునేవాళ్లకూ పనికొస్తుంది. ఇంట్లో చేసి చూసే పని మాత్రం కాదు. లేజర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, చర్మం కాలవచ్చు.

టైమింగ్‌ను చివర్లో సాఫ్ట్‌వేర్‌లో నింపే ఒక గడిలా చూడొద్దు. మీ అల ఎంత ఎత్తు వస్తుందో నిర్ణయించే వాటిలో అది నొప్పి తీవ్రతతో సమానమైనది. డిజైన్ అక్కడి నుంచే మొదలవ్వాలి.

1. మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"నొప్పికి మెదడు ఎలా స్పందిస్తుంది" అని రాస్తే చాలదు. ఆ ఒక్క మాట కింద వేర్వేరు ప్రయోగాలు దాగి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో టైమింగ్ కావాలి.

షుగర్ పేషెంట్ పాదంలో నొప్పిని మోసే సన్న నరాలు పనిచేస్తున్నాయా లేదా అన్నది మీ ప్రశ్న అయితే, మీకు అల వీలైనంత స్పష్టంగా రావాలి. పల్స్‌కు పల్స్‌కు మధ్య ఎక్కువ విరామం ఉంచండి, అది ప్రతిసారీ మారుతూ ఉండాలి. ఒకే నొప్పి పదే పదే వస్తుంటే మెదడు దానికి ఎలా అలవాటు పడుతుందన్నది ప్రశ్న అయితే, దగ్గర దగ్గరగా పడే పల్స్‌ల వరుస కావాలి. నొప్పి రాబోతోందని ముందే తెలిస్తే ఏమవుతుందని అడుగుతున్నారా? అప్పుడు ముందస్తు సంకేతం ఒకటి, దాని తర్వాత కచ్చితమైన ఎడం కావాలి. వెన్నుపాములో నొప్పి పోగుపడుతూ పెరగడాన్ని చూడాలంటే టైమింగ్ మళ్లీ వేరు.

ఈ నాలుగింటిని కలిపి ఒకే బ్లాక్‌లో (ఒక విడతలో వరసగా చేసే ట్రయల్స్‌లో) చేద్దామనుకోవద్దు. ఏదీ తేలదు.

2. నరాల ప్రయాణ సమయం లెక్క వేసుకోండి

ఎడం ఎంత ఉండాలో నిర్ణయించే ముందు, సంకేతం చేతి నుంచి తలదాకా చేరడానికి ఎంతసేపు పడుతుందో కాగితం మీద లెక్క కట్టండి. నొప్పిని ప్రధానంగా రెండు రకాల నరాలు మోస్తాయి. పలుచని మయలిన్ పొర ఉన్న ఎ-డెల్టా నరాలలో సంకేతం సెకనుకు సుమారు 10 నుంచి 15 మీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ పొర లేని సి నరాలలో వేగం సెకనుకు సుమారు 1 మీటరే. చేతి నుంచి మెదడు దాకా దారి ఒక మీటరు అనుకుంటే, ఎ-డెల్టా సంకేతం సెకనులో పదో వంతులో వచ్చేస్తుంది, సి సంకేతానికి దాదాపు ఒక సెకను పడుతుంది. కాలికి ఏదైనా తగిలినప్పుడు ముందు చురుక్కుమని, కాస్త ఆగి మంటగా అనిపించడానికి కారణం ఇదే.

చర్మం వేడెక్కి గ్రాహకాలు స్పందించడానికి పట్టే సమయం, మెదడులో పట్టే సమయం కూడా కలుపుకుంటే, చేతి మీద పల్స్‌కు ఎన్1 అనే చిన్న అల సుమారు 160 మిల్లీసెకన్ల దగ్గర, ఎన్2 సుమారు 200 నుంచి 250 దగ్గర, పీ2 సుమారు 300 నుంచి 400 దగ్గర కనిపిస్తాయి. పాదం మీద ఇస్తే అన్నీ కొంత ఆలస్యమవుతాయి.

ఈ లెక్క ఎందుకంటే, రెండు పల్స్‌ల మధ్య సరిగ్గా ఒక సెకను పెట్టారనుకోండి. మొదటి పల్స్ తాలూకు సి సంకేతం మెదడు చేరే వేళకు రెండో పల్స్ చర్మం మీద పడుతుంది. వాలంటీర్ చెప్పే మంట మొదటి పల్స్‌దో, రెండోదో విడదీయలేరు. మీకు సి నరాల స్పందనే ముఖ్యమైతే ఇంత దగ్గరి ఎడం పనికిరాదు.

ఇంకో చిక్కు ఉంది. మామూలు లేజర్ పల్స్ రెండు రకాల నరాలనూ కదిలించినా, ఈఈజీలో సాధారణంగా ఎ-డెల్టా అల మాత్రమే కనిపిస్తుంది. సి అల కనిపించాలంటే ఎ-డెల్టాను తప్పించాలి. 1980లలో హాంబర్గ్‌లో బ్రోమ్, ట్రీడ పనిచేసిన బృందం నరం మీద ఒత్తిడి పెట్టి ఎ రకం నరాలను తాత్కాలికంగా మొద్దుబార్చి, సుమారు ఒక సెకను దగ్గర వచ్చే ఆలస్యపు అలను నమోదు చేసింది. ఒత్తిడి పెట్టకుండా, సి నరాలు తక్కువ వేడికే స్పందిస్తాయన్న సంగతిని వాడుకుని, చర్మపు ఉష్ణోగ్రతను ఎ-డెల్టా నరాలు స్పందించడం మొదలయ్యే స్థాయికి కిందే ఉంచే పద్ధతి కూడా ఉంది. ఏ నరం పలికిందో తేల్చుకోవడానికి సులువైన దారి, అనిపించగానే బటన్ నొక్కమనడం. 650 మిల్లీసెకన్లలోపు నొక్కితే అది ఎ-డెల్టా. సి సంకేతం అంత త్వరగా చేరడం కుదరదు.

3. పరికరం, అనుమతి, చర్మం

లేజర్లలో కార్బన్ డయాక్సైడ్ రకం (10.6 మైక్రోమీటర్లు), ఎన్‌డీ-యాప్ రకం (1.34 మైక్రోమీటర్లు) ఎక్కువగా కనిపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ లేజర్ వేడిని చర్మం పైపొరలోని నీరే పీల్చేసుకుంటుంది కాబట్టి చర్మపు రంగుతో దాదాపు సంబంధం ఉండదు. 1 మైక్రోమీటర్ దగ్గరి లేజర్లలో మెలనిన్ ప్రభావం ఉంటుంది. తెల్లచర్మం వాళ్ల మీద సరిచూసిన శక్తిని మన వాలంటీర్ల మీద నేరుగా వాడకండి. ప్రతి మనిషికీ తక్కువ నుంచి మొదలుపెట్టి, నొప్పి ఏ శక్తి దగ్గర మొదలవుతుందో కనుక్కోండి.

లేజర్ లేకపోతే వేడి పలక ఆనించే పరికరం వాడొచ్చు. అందులో టైమింగ్‌కు సంబంధించిన ఒక లోపం ఉందని తెలిసి వాడండి. సెకనుకు 70 డిగ్రీల వేగంతో వేడెక్కినా, 35 నుంచి 51 డిగ్రీలకు చేరడానికి సుమారు 230 మిల్లీసెకన్లు పడుతుంది. నొప్పి సరిగ్గా ఏ క్షణాన మొదలైందో చెప్పలేం. అలలు ఆలస్యంగా, కాస్త పరుచుకుని వస్తాయి. జపాన్‌లో ఇనుయి, కాకిగి బృందం తయారుచేసిన మరో పద్ధతిలో చర్మం పైపొరలోకి మాత్రమే దిగే చిన్న ఎలక్ట్రోడ్‌తో కరెంటు ఇస్తారు. టైమింగ్ విషయంలో ఇది చాలా కచ్చితం. అయితే కరెంటు కొంచెం పెరిగినా స్పర్శ నరాలు కూడా పలుకుతాయి, అప్పుడు మీరు చూసేది నొప్పి ఒక్కదానికి వచ్చే స్పందన కాదు.

మన దగ్గర ఇలాంటి పనికి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. ఐసీఎమ్ఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు దగ్గర పెట్టుకోండి. అంగీకార పత్రం వాలంటీర్‌కు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఎప్పుడైనా ఆపమనే హక్కు తనకుందని నోటితో కూడా చెప్పండి. ఆ లేజర్ తరంగదైర్ఘ్యానికి సరిపడే రక్షణ కళ్లద్దాలు గదిలో ఉన్న అందరికీ ఉండాలి.

4. విరామం ఎంత, ఎలా మారాలి

మీ ఫలితం నిలబడేదీ, కూలిపోయేదీ ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

దీపావళికి సీమటపాకాయల జడ అంటించినప్పుడు మొదటి చప్పుడుకు ఉలిక్కిపడతాం. వెనకే వచ్చేవి అంతే గట్టిగా పేలుతున్నా ఉలికిపాటు ఉండదు. మధ్యలో ఇంకా గట్టిది ఒకటి పేలితే మళ్లీ ఉలిక్కిపడతాం, మెత్తగా పేలితే పట్టించుకోం. ఎన్2, పీ2 అలలు దాదాపు ఇలాగే నడుస్తాయి. యానెట్టి, మూరోతో కలిసి రోంగా తదితరులు 2013లో చేసిన ప్రయోగంలో మూడో పల్స్ శక్తిని మార్చి చూశారు. పెంచినప్పుడు అల తిరిగి పెద్దదైంది, తగ్గించినప్పుడు కాలేదు. రెండింటిలోనూ కొత్తదనం ఉంది, కానీ మెదడు పట్టించుకున్నది తనకు ముఖ్యమనిపించిన మార్పునే.

దగ్గర దగ్గరగా ఇచ్చిన పల్స్‌లలో రెండోదానికి అల తగ్గిపోవడానికి పాత వివరణ ఒకటుంది. అలను పుట్టించే నాడీకణాలు మొదటి పల్స్‌తో అలిసిపోయి, తేరుకోవడానికి టైమ్ తీసుకుంటాయనేది. వినడానికి బాగానే ఉంటుంది. 2010లో వాంగ్, మూరో, లియాంగ్, యానెట్టి దీన్ని నేరుగా పరీక్షించారు. 250, 500, 1000, 2000 మిల్లీసెకన్ల ఎడంతో జంట పల్స్‌లు ఇచ్చారు. ఒక పద్ధతిలో బ్లాక్ అంతా ఒకే ఎడం ఉంచారు. రెండో పద్ధతిలో ఈ ఎడాలన్నిటినీ కలగాపులగం చేసి, మధ్యలో ఒంటి పల్స్‌లు కూడా కలిపారు. రెండోది వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో వాలంటీర్‌కు తెలియదు. ఎడం స్థిరంగా ఉన్నప్పుడు రెండో అల తగ్గింది, ఎడం ఎంత తక్కువైతే అంత ఎక్కువ తగ్గింది. ఎడం ఊహకు అందనప్పుడు రెండో అల తగ్గలేదు. నొప్పి స్కోర్లు మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకేలా ఉన్నాయి. కణాలు అలిసిపోవడమే కారణమైతే, ఎడం ఊహకు అందకపోయినంత మాత్రాన ఆ అలసట పోకూడదు కదా. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇది. ఒకే ఒక్క అంశం మార్చి, దశాబ్దాల వివరణను పక్కకు నెట్టింది.

దీన్నుంచి మీ డిజైన్‌కు కావాల్సినవి తీసుకుందాం.

అల పెద్దగా, స్థిరంగా రావాలంటే పల్స్‌ల మధ్య కనీసం 8 సెకన్లు, మామూలుగా 10 నుంచి 15 సెకన్లు ఉంచండి. ప్రతిసారీ యాదృచ్ఛికంగా మారాలి. "10 సెకన్లకొకటి" అని పెట్టేస్తే రెండు మూడు నిమిషాలకే వాలంటీర్ శరీరం లెక్క పెట్టేస్తుంది, ఆయనకే తెలియకుండా.

యాదృచ్ఛికం అంటే కూడా రెండు రకాలు. 8 నుంచి 15 మధ్య ఏ సంఖ్యకైనా సమాన అవకాశం ఇచ్చారనుకోండి. 14 సెకన్లు గడిచాయంటే ఇక పల్స్ వచ్చి తీరుతుంది. సమయం గడిచేకొద్దీ ఎదురుచూపు పెరుగుతుందన్నమాట. అది వద్దనుకుంటే, తక్కువ విరామాలు ఎక్కువగా, ఎక్కువ విరామాలు అరుదుగా వచ్చేలా అమర్చండి. ఎంతసేపు ఆగినా "ఇప్పుడే వస్తుంది" అనే అవకాశం మారకుండా ఉంటుంది. లేదా పల్స్ రాని ఖాళీ ట్రయల్స్ కలపండి. ఎదురుచూపు ఉత్త ఊహ కాదు, అదీ ఈఈజీలో కనిపిస్తుంది. సంకేతానికీ, అసలు ఉద్దీపనకూ మధ్య మెల్లగా పెరిగే నెగటివ్ అలను గ్రే వాల్టర్ 1964లోనే వర్ణించారు. పల్స్ ముందు అలాంటి వాలు ఉంటే మీ బేస్‌లైన్ (అల ఎత్తును ఎక్కడి నుంచి కొలుస్తామో ఆ ముందరి స్థాయి) చెడిపోయి, ఎన్2 ఎత్తు తప్పుగా వస్తుంది.

అలవాటు పడడమే మీ ప్రశ్న అయితే, నా సలహా ఇది. నాలుగైదు ఎడాలు పెట్టుకోకండి. 1 సెకను ఒక్కటి తీసుకుని, స్థిరంగా ఒక బ్లాక్, మధ్యలో ఒంటి పల్స్‌లు కలిపి ఊహకు అందకుండా మరో బ్లాక్ చేయండి. నాలుగు ఎడాలు, రెండు పద్ధతులు, ఒక్కోదానికి 30 జంటలు అంటే 480 పల్స్‌లు. అన్ని పల్స్‌లు ఒకే పూట ఒకే చేతి మీద పడితే చర్మమూ, మనిషీ ఇద్దరూ తట్టుకోలేరు, చివరి గంటలో వచ్చిన డేటా మీద నమ్మకం ఉండదు. మూడేసి పల్స్‌ల వరుస, ఆపైన స్కోర్ చెప్పడం, విశ్రాంతి కలిపి ఒక్కో ట్రయల్‌కు అర నిమిషం అనుకుంటే 30 ట్రయల్స్ 15 నిమిషాల్లో అయిపోతాయి. ఒక మనిషి శ్రద్ధగా కూర్చోగలిగేది సుమారు అంతసేపే. ఏ బ్లాక్ ముందు, ఏది తర్వాత అన్నది వాలంటీర్ నుంచి వాలంటీర్‌కు మార్చండి.

ఒక జాగ్రత్త. సి నరాలను సుమారు 3 సెకన్లకు ఒకసారి, లేదా అంతకన్నా వేగంగా పదే పదే రెచ్చగొడితే వెన్నుపాములోని కణాల స్పందన మెట్టు మెట్టుగా పెరుగుతుంది. 1960లలో మెండెల్ పిల్లుల వెన్నుపాములో దీన్ని చూశారు. మనుషులకు ఇది మంట పోగుపడుతున్నట్టు తెలుస్తుంది. మూడు పల్స్‌లతో ఆగితే ఒక లెక్క. పొడవైన వరుస ఇస్తే మాత్రం ఒకవైపు నెత్తి మీది అల తగ్గుతూ, ఇంకోవైపు నొప్పి పెరుగుతూ ఉండొచ్చు.

5. టైమింగ్‌ను బయటపెట్టే చిన్న చిన్న సంకేతాలు

కాగితం మీద విరామం ఎంత యాదృచ్ఛికంగా ఉన్నా, గదిలోని మనుషులు దాన్ని బయటపెట్టేస్తారు. లేజర్ పల్స్ పడ్డ ప్రతిసారీ కిరణాన్ని చర్మం మీద సెంటీమీటర్ పైగా జరపాలి. లేకపోతే అదే చోట వేడి పెరిగి, గ్రాహకాలు అలిసిపోవడమో, మరీ సున్నితం కావడమో జరుగుతుంది. ఆ జరిపే పనిని పల్స్‌కు కాస్త ముందు చేస్తే, మీ చెయ్యి కదిలిందంటే దెబ్బ పడబోతోందని వాలంటీర్‌కు తెలిసిపోతుంది. పల్స్ పడగానే జరిపేసి, ఆ తర్వాత కదలకుండా ఉండండి. ఒక సెకను ఎడంతో ఇచ్చే వరుసల్లో చేత్తో జరపడం ఎలాగూ కుదరదు. కంప్యూటర్ నడిపే చిన్న మోటార్లతో కిరణాన్ని జరిపే ఏర్పాటు కావాలి.

యంత్రం ముందుగా చేసే టిక్ శబ్దం, ఫ్యాన్ వేగం మారడం, ఆపరేటర్ ఊపిరి బిగబట్టడం, స్క్రీన్ మీద మెరుపు, ఇవన్నీ సంకేతాలే. హెడ్‌ఫోన్లలో వైట్ నాయిస్ పెట్టండి. చేతికీ కళ్లకూ మధ్య తెర కట్టండి. ఒకసారి వాలంటీర్ కుర్చీలో మీరే కూర్చుని, లేజర్ కిరణం బయటికి రాకుండా మూసి, పల్స్ ఎప్పుడు పోయిందో చెప్పగలరేమో చూసుకోండి. చెప్పగలిగారంటే ఎక్కడో సంకేతం లీకవుతోంది.

6. ట్రిగ్గర్‌ను కొలిచి చూడండి

కంప్యూటర్ "ఇవ్వు" అన్న క్షణమూ, లేజర్ కాల్చిన క్షణమూ ఒకటి కాదు. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే ఫర్వాలేదు, తర్వాత సరిచేసుకోవచ్చు. ప్రతిసారీ మారుతుంటే సగటు తీసినప్పుడు అల చప్పబడిపోతుంది, ముఖ్యంగా సన్నగా ఉండే ఎన్1. వీలైతే ట్రిగ్గర్‌ను (పల్స్ పడిన క్షణాన్ని ఈఈజీలో గుర్తుపెట్టే సంకేతాన్ని) లేజర్ నుంచే నేరుగా ఈఈజీ యాంప్లిఫయర్‌కు తీసుకోండి. వాలంటీర్ రాకముందే ఆ లేజర్ కిరణాన్ని పసిగట్టగల డిటెక్టర్‌తో వంద పల్స్‌లు రికార్డు చేసి, తేడా ఎంతుందో చూడండి.

7. నొప్పి స్కోర్ ఎప్పుడు అడగాలి

పల్స్ పడగానే అడగొద్దు. నోరు కదిలితే ఈఈజీలో కండరాల గోల వస్తుంది. సి నరాల సంకేతం కూడా చేరాలి కాబట్టి కనీసం 3 సెకన్లు ఆగి, చిన్న బీప్ ఇచ్చి అడగండి. 0 నుంచి 100 వరకు స్కేల్ చాలు. రెండు చివరలకూ తెలుగులో అర్థం చెప్పండి: 0 అంటే అసలేమీ అనిపించలేదు, 100 అంటే ఊహించగలిగినంత నొప్పి, మధ్యలో ఏ సంఖ్య నుంచి నొప్పి మొదలవుతుందో ముందే నిర్ణయించుకోండి. చురుక్కుమన్నదానికీ, తర్వాత వచ్చే మంటకూ విడివిడిగా స్కోర్ అడిగితే ఇంకా మంచిది.

మూడు పల్స్‌ల వరుసలో మూడింటికీ చివర్లో ఒకేసారి స్కోర్ అడిగితే గుర్తుపెట్టుకోవడం కష్టం. కొన్ని ట్రయల్స్‌లో మొదటిదానికి, కొన్నింటిలో రెండోదానికి, కొన్నింటిలో మూడోదానికి అడగండి. దేనికి అడుగుతారో ముందే చెప్పకండి, అప్పుడే మూడింటినీ సమానంగా గమనిస్తారు. ఈఈజీ ఎంత బాగా వచ్చినా, స్కోర్ లేని ట్రయల్ ఈ ప్రశ్నకు ఏమీ చెప్పదు. కొన్ని పనుల్లో స్కోర్లను వదిలేసి, అల పరిమాణాన్నే నొప్పి అని రాసేయడం చూస్తుంటే నిజంగా బాధేస్తుంది. నొప్పి ఎంతుందో చెప్పగలిగిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటాడు.

8. రికార్డింగ్, ఒకదాని మీద ఒకటి పడే అలలు

ఎన్2, పీ2ల కోసం నడినెత్తిన సీజెడ్ దగ్గర, ముక్కు లేదా చెవి వెనక ఎముక రిఫరెన్స్‌గా తీయండి. ఎన్1 కోసం ఉద్దీపన ఇచ్చిన చేతికి ఎదురుపక్క కణత దగ్గరి ఎలక్ట్రోడ్‌ను ఎఫ్‌జెడ్ (తల ముందుభాగంలో నడిమధ్య చోటు) రిఫరెన్స్‌తో చూడండి. సెకనుకు 1000 శాంపిళ్లు, సుమారు 0.5 నుంచి 30 హెర్ట్జ్ ఫిల్టర్ సరిపోతాయి. కళ్లు ఆర్పడం ఇక్కడ పెద్ద సమస్య, ఎందుకంటే నొప్పి తగిలిన వెంటనే చాలామంది కళ్లు ఆర్పుతారు. అంటే ఆ గోల కూడా పల్స్‌తో తాళం వేస్తూ వస్తుంది, సగటు తీసినా పోదు. కంటి దగ్గర ఎలక్ట్రోడ్ తప్పకుండా పెట్టండి.

ఎడం 250 మిల్లీసెకన్లయితే రెండో పల్స్‌కు బేస్‌లైన్ ఉండదు. మొదటి పల్స్ పీ2 ఇంకా తగ్గకుండానే రెండో పల్స్ స్పందన మొదలవుతుంది. అందుకే ఒంటి పల్స్ ట్రయల్స్ తప్పనిసరి. ఒంటి పల్స్‌కు వచ్చిన అలను జంటకు వచ్చిన అల నుంచి తీసేస్తే మిగిలేది రెండో పల్స్ స్పందన. ఎడం ఒక సెకను దాటితే ఈ తంటా చాలావరకు తగ్గుతుంది.

సగటు అల చిన్నదైందంటే ప్రతి ట్రయల్‌లోనూ అల చిన్నదైందని అనుకోకండి. ఒక్కో ట్రయల్‌లో అల ఒక్కో సమయానికి వస్తుంటే సగటులో శిఖరం పరుచుకుపోయి చిన్నగా కనిపిస్తుంది. ఒక్కో ట్రయల్‌ను విడిగా కూడా చూడండి.

9. అర్థం చెప్పేటప్పుడు

మూరో, యానెట్టి 2009లో మరో సంగతి చూపించారు. లేజర్‌కు వచ్చే నెత్తి మీది అలలో చాలా భాగం, అకస్మాత్తుగా తగిలే స్పర్శకు, శబ్దానికి, వెలుగుకు వచ్చే అలతో కలిసిపోతుంది. అంటే అది నొప్పికి మాత్రమే చెందిన గుర్తు కాదు. ఇది నిజంగా పట్టించుకున్నారంటే మీ ప్రయోగంలో ఒక కంట్రోల్ ఉండాలి: నొప్పి లేని, కానీ అంతే గట్టిగా దృష్టిని లాగే ఉద్దీపన, సరిగ్గా అదే టైమింగ్‌తో. శబ్దం సులువు. రెండింటికీ అల ఒకేలా తగ్గితే, మీరు చూసిన తగ్గుదల నొప్పికి సంబంధించినదని చెప్పలేరు.

ఇదంతా విని లేజర్ పరీక్ష దండగ అనుకోవద్దు. నరాల జబ్బుల్లో దీనికి గట్టి ఉపయోగమే ఉంది. మామూలు నర్వ్ కండక్షన్ పరీక్ష లావు నరాలనే చూస్తుంది. పాదాల్లో మంటలతో నిద్రపట్టని షుగర్ పేషెంట్‌కు ఆ పరీక్ష నార్మల్ రావచ్చు, ఎందుకంటే దెబ్బతిన్నవి సన్న నరాలు. అలాంటిచోట లేజర్‌కు వచ్చే అల లేకపోవడమో, ఆలస్యం కావడమో దారిలో ఎక్కడో దెబ్బ ఉందని చెప్పగలదు. కానీ టైమింగ్ సరిగా లేకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషికే అల చిన్నగా వస్తుంది, పైగా చిన్నగా వచ్చిందంటే ఆయనకు నొప్పి తక్కువని అర్థం కాదు. పేషెంట్ నొప్పి అంటున్నాడు, అల లేదు, కాబట్టి అబద్ధం అనే నిర్ణయానికి ఈ పరీక్షను ఎవరూ వాడకూడదు.

మైగ్రేన్‌లో ఇంకో కోణం ఉంది. పల్స్‌లు పదే పదే ఇస్తూ పోతే ఆరోగ్యవంతుల్లో అల బ్లాక్ నుంచి బ్లాక్‌కు తగ్గుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల సరిగా జరగదని వలేరియాని బృందం 2003లో చూపించింది. మొదటి బ్లాక్‌లో ఇద్దరి మధ్యా తేడా కనిపించకపోవచ్చు. కాబట్టి ఇలాంటి పోలికలో బ్లాక్‌లన్నీ కలిపి సగటు తీస్తే మీకు కావాల్సిన తేడా అందులోనే కరిగిపోతుంది. బ్లాక్‌ల మధ్య విశ్రాంతి కూడా అందరికీ నిమిషాలతో సహా ఒకేలా ఉండాలి; ఒకరికి టీ తాగేంత సేపు ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే అలవాటు పడిన తీరే మారిపోతుంది.

10. రాసేటప్పుడు ఇవి వదలొద్దు

"విరామం యాదృచ్ఛికం" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. కనిష్ఠం, గరిష్ఠం ఎంత, ఏ సంఖ్యకు ఎంత అవకాశం ఇచ్చారు, ఖాళీ ట్రయల్స్ ఎన్ని, వరుసల మధ్య ఎంతసేపు ఆగారు, కిరణాన్ని ఎప్పుడు, ఎంత దూరం జరిపారు, ట్రిగ్గర్ ఆలస్యం ఎంత, అందులో తేడా ఎంత, వాలంటీర్‌కు ముందుగా ఏం చెప్పారు, స్కోర్ ఏ పల్స్‌కు ఎన్ని సెకన్ల తర్వాత అడిగారు, అన్నీ రాయండి. వాలంటీర్‌కు చదివి వినిపించిన తెలుగు సూచనలను మాట మార్చకుండా అనుబంధంగా పెట్టండి. "ఎప్పుడు వస్తుందో చెప్పం" అని చెప్పిన ల్యాబ్‌కూ, "పది సెకన్లకొకటి వస్తుంది" అని చెప్పిన ల్యాబ్‌కూ ఒకే లేజర్‌తో వేర్వేరు అలలు రావచ్చు, మీ ఫలితాన్ని తిరిగి చేసి చూసేవాళ్లకు ఆ మాటలు కూడా కావాలి.